వీడు లెఫ్టా, రైటా? – ఐస్ హాకీ బొమ్మలు నేర్చుకున్న నా అనుభవం

మా అక్క కొడుక్కి పదకొండేళ్లు. ఐస్ హాకీ ఆడతాడు, అందులోనూ గోలీ, అంటే గోల్ కాపలా కాసేవాడు. ఒకరోజు వచ్చి, "పిన్నీ, నా బొమ్మ గియ్యవా? గోల్ ముందు నిలబడ్డట్టు, ఫుల్ డ్రెస్‌లో" అన్నాడు. నాకు ముఖాలు గీయడం బాగానే వచ్చు. చెట్లు, పక్షులు, పాత ఇళ్లు సరేసరి. దీనికేముందిలే అనుకుని, ఆదివారం సాయంత్రానికల్లా ఇచ్చేస్తా అన్నాను. ఏ ఆదివారమో చెప్పకపోవడం మంచిదైంది. బొమ్మ వాడి చేతికి వెళ్లేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

ముందు కాస్త చెయ్యి తిరగాలని ఒక మామూలు ఆటగాడి ఫోటో ఫోన్లో పెట్టుకుని గీశాను. షేడింగ్ కుదిరింది, జెర్సీ మడతలు కుదిరాయి, ముఖంలో కసి కూడా వచ్చింది. మురిసిపోతూ వాడికి చూపించాను. వాడు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "వీడు లెఫ్టా, రైటా?" అన్నాడు.

"అంటే?"

"షాట్ ఏ వైపు నుంచి కొడతాడు అని. చేతులు చూస్తే లెఫ్ట్. బ్లేడ్ చూస్తే రైట్."

స్టిక్‌కి కుడి ఎడమలుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఎడమ చెయ్యి కిందికి, కుడి చెయ్యి పిడి చివరికి పెట్టి పట్టుకుంటే లెఫ్ట్. స్టిక్ వాళ్ల ఎడమ పక్కన ఉంటుంది. కొసనున్న బ్లేడ్ చదునుగా ఉండదు. అరచేతిని కాస్త దొప్పలా చేసినట్టు ఒక వైపుకి వంగి ఉంటుంది. ఆ దొప్ప లోపలి వైపు, పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ల) వెళ్లాల్సిన దిక్కుకి చూడాలి. నేను దాన్ని వెనక్కి తిప్పేశాను. ఫోటోలో సరిగ్గానే ఉంది మరి. ఏ వైపు వంగితే ఏముందిలే, ఇలా అయితే అందంగా ఉంటుందని నేనే మార్చాను. అలాంటి స్టిక్‌తో వాడు ఎంత గట్టిగా కొట్టినా పక్ జారి పక్కకు పోతుందట.

ఇంకో తప్పు స్కేట్లది. బ్లేడు ముందు కొసకి చిన్న చిన్న పళ్లు పెట్టాను. ఎక్కడో చూసిన గుర్తు. "ఇవి డాన్స్ చేసేవాళ్ల స్కేట్లు కదా" అన్నాడు. నిజమే, ఆ పళ్లు ఫిగర్ స్కేటింగ్ వాళ్లకి. హాకీ స్కేట్‌కి ఉండవు. మూడో తప్పేమిటో వాడు పేరు పెట్టి చెప్పలేకపోయాడు. "ఎందుకో పడిపోయేలా ఉన్నాడు పిన్నీ" అని ఊరుకున్నాడు. ఆ మూడోదే నన్ను ఎక్కువ రోజులు ఏడిపించింది.

కొన్నాళ్లు వీడియోలు చూశాను. "ఐదు మెట్లలో హాకీ ఆటగాడు" రకం. ఒక వృత్తం, కింద ఒక పెట్టె, నాలుగు గొట్టాలు, ఐదో మెట్టుకి అకస్మాత్తుగా పూర్తి ఆటగాడు! నాలుగుకీ ఐదుకీ మధ్య ఏం జరిగిందో ఆ దేవుడికే తెలియాలి. వాటిని పక్కన పెట్టి వాడి కిట్ బ్యాగ్ తెప్పించుకుని హాల్లో పరిచాను. హాకీ బ్యాగ్ తెరిచే ముందు కిటికీలు తెరవాలన్న పాఠం మొదటి పది నిమిషాల్లోనే వచ్చేసింది.

రోజుకొక వస్తువు తీసుకున్నాను. మొదట పక్. గట్టి రబ్బరు బిళ్ల, 3 అంగుళాల వ్యాసం, 1 అంగుళం మందం. ఇంత చిన్నదానికి వారం పట్టింది. పైనుంచి చూస్తే గుండ్రం, కంటి ఎత్తులో పెడితే 3కి 1 కొలతలో ఒక దీర్ఘచతురస్రం, ఈ రెంటి మధ్య ఎక్కడ పెట్టినా కోలగా సాగిన దీర్ఘవృత్తం. నేను వేస్తున్న దీర్ఘవృత్తాల రెండు కొసలూ నిమ్మకాయలా మొనదేలి వచ్చేవి. కొసలు కూడా గుండ్రంగానే తిరగాలి, ఎంత సన్నగా ఉన్నా సరే. అది చేతికి పట్టాక, రింక్ మీద, అంటే ఆడే మంచు మైదానం మీద, ఆట మొదలుపెట్టే చోట ఉండే ఫేసాఫ్ వృత్తాలు కూడా వచ్చేశాయి. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్) రింక్‌లో ఒక్కోటి 15 అడుగుల వ్యాసార్ధం, కానీ కాగితం మీద అది పెద్ద పక్కే.

స్టిక్‌ని నేను అన్ని బొమ్మల్లోనూ ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా గీసేదాన్ని. కోణమానిని పెట్టి కొలిస్తే బ్లేడుకీ పిడికీ మధ్య దాదాపు 135 డిగ్రీలు వచ్చింది. అంటే బ్లేడ్ మంచు మీద చదునుగా ఆనినప్పుడు పిడి ఏటవాలుగా పైకి వస్తుంది. ఆటగాడు ఇంకా కిందికి వంగితే పిడి వాలుతుంది, బ్లేడ్ కొస కాస్త పైకి లేస్తుంది. ఈ ఒక్క కోణం సరిగ్గా పడితే చేతులు ఎక్కడుండాలో అదే చెప్పేస్తుంది. పైగా స్టిక్ మంచి కొలబద్ద కూడా. స్కేట్లు వేసుకుని నిలబడి దాన్ని ముందు నిలబెట్టుకుంటే కొస ఇంచుమించు గడ్డం దాకా వస్తుంది. పెద్దల ఆటలో కూడా, ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనల ప్రకారం, మరీ ఆజానుబాహులకు తప్ప 63 అంగుళాలు దాటకూడదు. నా పాత బొమ్మల్లో కొన్ని స్టిక్‌లు మనిషి కన్నా పొడుగున్నాయి. పడవ తెడ్డు అనుకోవాలి.

స్టిక్ వంగుతుందని తెలిసింది ఇంకా ఆలస్యంగా. దాని మీద 85 అనో 75 అనో ఒక అంకె రాసి ఉంటుంది. పిడిని ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ అంకె చెబుతుంది. స్టిక్‌ని వెనక్కి ఎత్తి బలంగా కొట్టే స్లాప్ షాట్‌లో బ్లేడ్ మొదట పక్‌కి కొంచెం వెనకాల మంచును కొడుతుంది. ఆ దెబ్బకి పిడి విల్లులా వంగి, తిరిగి లేస్తూ పక్‌ని విసిరేస్తుంది. నేను నిటారు పిడితో గీసిన షాట్లన్నీ ఇల్లు ఊడుస్తున్నట్టు ఉండటానికి కారణం ఇదే. తెలిశాక ఊరుకున్నానా? అన్నిటినీ వంచేశాను. రెండు వారాల బొమ్మల్లో స్టిక్‌లు పొట్లకాయల్లా వేలాడాయి. కింది చేతి దగ్గర కాస్త వంపు, రెండు కొసలా తిన్నదనం, అంతే చాలు.

స్కేట్‌లో ఒక వింత ఉంది. నేను బ్లేడ్ అడుగుని స్కేలు పెట్టి తిన్నగా గీసేదాన్ని. వాడి స్కేట్‌ని టైల్ మీద పెట్టి కింద కాగితం దూర్చి చూశాను. ముందు నుంచి దూర్చినా వెనక నుంచి దూర్చినా కొంత దూరం లోపలికి వెళ్తోంది. బ్లేడ్ అడుగు చాలా సన్నగా పడవలా వంగి ఉంది, మధ్యలో కొంచెమే నేలకి ఆనుతోంది. పైగా గోలీ స్కేట్ కాబట్టి ఇందులో వంపు తక్కువట, మిగతా ఆటగాళ్లది ఇంతకన్నా ఎక్కువ. బొమ్మలో ఆ రెండు కొసల కింద వెంట్రుక వాసి వెలుతురు వదిలితే చాలు, స్కేట్ మంచు మీద అతికించినట్టు కాకుండా జారుతున్నట్టు కనిపిస్తుంది. ఇక ఎదురుగా చూస్తే బ్లేడ్ అడుగున నిలువునా సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఆటంతా ఆ రెండు అంచుల మీదే.

అంచుల సంగతి అర్థమైంది మాత్రం నా సొంత కాళ్లతోనే. వాణ్ణి ప్రాక్టీసుకి దింపడానికి వెళ్లినప్పుడు, పబ్లిక్ స్కేటింగ్ టైములో, నేనూ స్కేట్లు తగిలించుకుని గోడ పట్టుకుని మంచు మీదికి దిగాను. ముందుకెళ్లాలి కదా అని కాలితో వెనక్కి తన్నాను. కాలు వెనక్కి జారిపోయింది, నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను. ఇంకోసారి తన్నాను. అదే వరస. బ్లేడ్ తన పొడవునా జారుతుంది, అటు తన్నితే పట్టు దొరకదు. పాదాన్ని బయటికి తిప్పి, లోపలి అంచుతో పక్కకి తోస్తే అప్పుడు కదిలాను. కదిలి, గోడ వదిలి, కూర్చుండిపోయాను. తడిసిన బట్టలతో బెంచీ మీద కూర్చున్నప్పుడు వాడు చెప్పలేకపోయిన మూడో తప్పు దొరికింది. నా ఆటగాడు మంచు మీద పరిగెత్తుతున్నాడు! వెనక కాలు తిన్నగా వెనక్కి, ముందు మోకాలు పైకి, రోడ్డు మీద పరుగులాగే. స్కేట్ చేసేవాడి వెనక కాలు ఏటవాలుగా పక్కకి సాగాలి, ముందు మోకాలు బాగా వంగి పాదం కన్నా ముందుకి రావాలి, నడుము కిందికి దిగాలి.

దీనికి తోడు, బొమ్మల క్లాసులో నేర్పిన ఒక సూత్రం కూడా అడ్డుపడింది. నిలబడిన మనిషి తల, బరువు మోసే పాదానికి సరిగ్గా పైన ఉండాలని. నిలబడినప్పుడు అది నిజం. మలుపు తిరిగే ఆటగాడు మాత్రం వృత్తం లోపలికి ఒరిగిపోతాడు. కాగితం మీద చూస్తే తప్పకుండా పడాలి. వేగం వాణ్ణి నిలబెడుతుంది. ఆ ఒరుగుని భయపడకుండా గీయడం అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. నా చెయ్యి ప్రతిసారీ జాలిపడి వాణ్ణి కొంచెం నిటారు చేసేది.

ఆ తర్వాత వాడి ప్రాక్టీసులన్నిటికీ స్కెచ్‌బుక్‌తో వెళ్లాను. ఆ చలికి బాల్‌పెన్ మొరాయించింది, మెత్తటి పెన్సిలే దిక్కు. కదిలే పిల్లల్ని గీయడమంటే ముఖం లేదు, చేతివేళ్లు లేవు. తల నుంచి స్కేట్ దాకా ఒక వంపు గీత, భుజాలకొకటి, స్టిక్‌కొకటి, ఇంతలో వాడు మాయం. ఒక్కో పేజీలో ముప్పై నలభై బొమ్మలు. వాటిలో పనికొచ్చేవి రెండో మూడో. కానీ ఫోటోల్లో ఎప్పుడూ గమనించనివి అక్కడ కనబడ్డాయి. సడన్‌గా ఆగేటప్పుడు రెండు స్కేట్లూ అడ్డంగా తిప్పుతారు, మంచు పొడి చిమ్ముతుంది. నేను దాన్ని కారు వెనక లేచే దుమ్ములా వీపు వెనక గీసేదాన్ని. అది చిమ్మేది ముందుకి, వాళ్లు వెళ్తున్న వైపుకే.

డ్రెస్సింగ్ రూమ్ బయట ఒక పిల్లవాడు కిట్ వేసుకుంటుంటే వరస రాసుకున్నాను. షిన్ గార్డులు, వాటి మీద పొడుగు సాక్సులు, ఆ పైన నిక్కరు, తర్వాత స్కేట్లు, భుజాల ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, జెర్సీ, హెల్మెట్, చివరికి గ్లవ్స్. ఏది దేని మీద ఉంటుందో తెలిస్తే ఏ గీత ఏ గీతని దాటాలో తెలుస్తుంది. కాలు లావుగా కనిపించేది సాక్సు లోపలి గార్డు వల్ల, కాబట్టి మోకాలి దగ్గర దొప్పలాంటి ఉబ్బు సాక్సులోంచి తెలియాలి. నిక్కరు బట్టలా వేలాడదు, పీపాలా బిర్రుగా నిలబడుతుంది. జెర్సీ మాత్రం వదులు, దాని మడతలన్నీ భుజం ప్యాడ్ దగ్గరో మోచెయ్యి ప్యాడ్ దగ్గరో మొదలవుతాయి. జెర్సీ నిక్కరు పైన వదిలేసి ఉంటుంది. కాకపోతే ఈ ఆటలో పేరుమోసిన వేన్ గ్రెట్జ్‌కీని గీసేవాళ్లు కుడి వైపు కొంచెం లోపలికి దోపాలి. అది ఆయన అలవాటు, 99 నంబరు ఎంత గుర్తో అదీ అంతే గుర్తు.

పాత ఫోటోలూ కొన్ని చూసి గీశాను. 1970 మే 10న బోస్టన్‌కి స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు) గెలిపించిన గోల్ కొట్టి, అవతలి ఆటగాడు కాళ్లకి అడ్డం పెడితే గాల్లోకి లేచిన బాబీ ఆర్ ఫోటో అందులో ఒకటి. మనిషి మంచుకి దాదాపు సమాంతరంగా తేలుతున్నాడు. అన్నాళ్లూ ఒరుగులు గీసీ గీసీ ఉన్నాను గనక అది బాగానే వచ్చింది. తలకే, పొరపాటున అలవాటుగా హెల్మెట్ పెట్టేశాను. ఆర్‌కి హెల్మెట్ లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్తగా చేరేవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి చేసింది 1979లో. అప్పటికే ఆడుతున్నవాళ్లు లేకుండానే ఆడొచ్చు, అలా ఆడిన ఆఖరి మనిషి క్రెయిగ్ మ్యాక్‌టావిష్ 1997లో రిటైరయ్యాడు.

ఇలా ఐదు నెలలు గడిచాక గానీ అసలు గోలీ జోలికి పోలేదు. వాడేమో వారానికోసారి "అయిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

గోలీ కాళ్ల ప్యాడ్లని మొదట క్రికెట్ ప్యాడ్లలా గీశాను. గుండ్రంగా, కాలికి అంటుకుని. అవి అలా ఉండవు. ముందు వైపు చదునుగా, పక్కలు మందంగా, రెండు పరుపుల్ని నిలబెట్టినట్టుంటాయి. మోకాలు దాటి తొడ దాకా వస్తాయి, కింద స్కేట్ ముందు భాగాన్ని కప్పుతాయి. ఎన్‌హెచ్‌ఎల్‌లో వెడల్పు 11 అంగుళాలు మించకూడదు. నిలబడినప్పుడు సరే, మోకాళ్ల మీదికి పడే బటర్‌ఫ్లై భంగిమ దగ్గరే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. మోకాళ్లు నేల మీద దగ్గరగా, పాదాలు అటూ ఇటూ బయటికి. ప్యాడ్ల చదును వైపు మాత్రం తిన్నగా ఎదురుగా మనల్నే చూస్తుంటుంది. మోకాలు నేలకి చూస్తుంటే దాని మీద కట్టిన ప్యాడ్ ముందుకెలా చూస్తుంది? ఏ ఫోటో చూసినా అర్థం కాలేదు. కాలు విరిగినవాడి బొమ్మలే వచ్చాయి.

వాణ్ణి పిలిచి హాల్లో ప్యాడ్లు కట్టించాను. ధడేల్‌మని మోకాళ్ల మీద పడ్డాడు. ఒకసారి వెనక్కి వెళ్లి చూశాను. ప్యాడ్ కాలికి బిగించి లేదు! పట్టీలు వదులుగా ఉన్నాయి. వాడు పడగానే కాలు లోపల తిరిగి, మోకాలు ప్యాడ్ లోపలి పక్కనున్న దిండు మీద కూర్చుంది. ప్యాడ్ మాత్రం తిరిగి గోడలా నిలబడింది. కాలు దాని వెనక దాక్కుంది. "ఇంకోసారి పడరా" అన్నాను. వాడు పడ్డాడు. "ఇంకోసారి." పదిహేనుసార్లు పడేసరికి కింది వాటా వాళ్లు పైకి వచ్చారు. అయితేనేం, ఆ రోజు నుంచి ముందు కాలు గీయడం, తర్వాత దానికి సంబంధం లేకుండా ముందొక గోడ గీయడం, అంతే. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకుని తిప్పలు పడ్డాను.

చేతుల సంగతి త్వరగానే తేలింది. స్టిక్ పట్టే చేతి వెనక పలకలాంటి బ్లాకర్, రెండో చేతికి పక్ పట్టుకునే పెద్ద గ్లవ్. గోలీ స్టిక్ కూడా వేరు. పిడి కింది సగం వెడల్పుగా ఉంటుంది.

మాస్క్ మీద మాత్రం చాలా కూర్చున్నాను. ముఖం ముందుండే కేజ్ కమ్మీలు తిన్నగా గీస్తే వాడు జైలు కిటికీ వెనక ఉన్నట్టున్నాడు. కమ్మీలు ముఖం చుట్టూ బంతి మీద గీసిన గీతల్లా వంగాలి. ఆ వంపు చేతికి రావడానికి ఒక పాత మాస్క్ సాయపడింది. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో అవతలి జట్టు ఆటగాడు ఆండీ బాత్‌గేట్ కొట్టిన షాట్ ముఖానికి తగిలి, కుట్లు వేయించుకుని, మాస్క్ పెట్టుకుంటేనే మళ్లీ దిగుతానని పట్టుబట్టి దిగాడు మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్. అప్పటి నుంచే ఎన్‌హెచ్‌ఎల్‌లో మాస్క్ నిలదొక్కుకుంది. తర్వాత బోస్టన్ గోలీ గెరీ చీవర్స్, మాస్క్‌కి పక్ తగిలినప్పుడల్లా, అది లేకపోతే కుట్లు ఎక్కడ పడేవో అక్కడ నల్లటి కుట్లు గీయించేవాడు. తెల్లటి మాస్క్, దాని మీద చిన్న చిన్న కుట్లు. నాలాంటి వాళ్ల సాధనకే చేసినట్టుంది! నుదుటి మీద కుట్లు ఒక వంపు, చెంప మీద ఇంకో వంపు, ముక్కు దగ్గర మలుపు. ఆ కుట్లు వేసీ వేసీ ముఖం గుండ్రదనం వేళ్లకి పట్టింది. ఆ తర్వాత మావాడి ముఖం ముందు పూర్తిగా గీసి, కళ్లు పూర్తిచేసి, అప్పుడు కమ్మీలని రబ్బరు మొనతో తెల్లగా తీసి, అంచుల్లో మాత్రం నలుపు పెట్టాను. పైనుంచి నల్ల గీతలు కొడితే కళ్లు చచ్చిపోతాయి.

ఇక మంచు. మొదట్లో నీలం షేడ్ దట్టించేసరికి గోలీ చెరువులో నిలబడ్డాడు. అసలు మంచు కింద తెల్ల రంగు వేస్తారు, అందుకే అంత తెల్లగా ఉంటుంది. కాగితాన్ని వదిలెయ్యడమే పద్ధతి. ప్యాడ్ల కింద నిలువుగా నాలుగు మసక నీడలు, గోడ అడుగున పసుపు పట్టీ, గోల్ ముందు లేత నీలం అర్ధచంద్రాకారం. గోల్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. నేను ఫుట్‌బాల్ గోల్‌లా వాడి తల మీదుగా కట్టాను. అడ్డ కమ్మీ వాడి ఛాతీ దగ్గరికి వస్తుందని చివరి వారంలో కొలిచి మళ్లీ దింపాను.

ఆదివారమే ఇచ్చాను, మాట తప్పలేదు. వాడు ముందు స్టిక్ చూశాడు. బ్లేడ్ వంపు చూశాడు. స్కేట్లు చూశాడు. ప్యాడ్ల మీద బ్రాండ్ ముద్ర కూడా వేలితో తడిమి చూశాడు. నాకు పరీక్ష రిజల్ట్ కోసం నిలబడ్డంత టెన్షన్.

"పక్ ఏది పిన్నీ?"

నిజం చెప్పాలంటే మర్చిపోయాను. వారం రోజులు కూర్చుని నేర్చుకున్న వస్తువు అదొక్కటే లేదు బొమ్మలో. "నీ గ్లవ్‌లోనే ఉందిరా, ఇప్పుడే పట్టుకున్నావు" అన్నాను.

వాడు గ్లవ్ వైపు చాలాసేపు చూశాడు. "పట్టుకుంటే మూసుకుని ఉండాలి కదా. ఇది తెరిచే ఉంది."

"ఇలా ఇవ్వు" అని బొమ్మ తీసుకుని, రబ్బరు కోసం డ్రాయర్ లాగాను.